బావిలో పడిన బండరాయి: నీటిలో ఎంత తేలిక, గట్టుకు చేరేసరికి ఎంత బరువు?

బావిగట్టు:
సభ్యులందరికీ నమస్కారం. జనగామ వైపు మా ఊళ్లో తాతల కాలం నాటి దిగుడుబావికి ఈ వేసవిలో పూడిక తీయిస్తున్నాం. పని మధ్యలో కింది వరుసలోని మెట్టు ఒకటి ఊడి, ఛాతీలోతు నీళ్లలో పడింది. అది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అర అడుగు మందం ఉన్న గ్రానైటు బండ. నేనూ మా మేనల్లుడూ నీళ్లలోకి దిగి చెరో అంచు పట్టుకుని లేపితే, మేము భయపడినంత బరువు లేదు. నడుము దాకా తేలిగ్గానే తెచ్చాం. కానీ బండ పైముఖం నీటి బయటికి వచ్చిన మరుక్షణమే చేతులు లాగేసినట్లయింది, ఇంకొక్క జానెడు కూడా ఎత్తలేకపోయాం. బండ జారి, మావాడి కాలి బొటనవేలి గోరు ఊడదీసి, బావి మధ్యలో మూడు మీటర్ల లోతుకు దొర్లిపోయింది. వేలు ఇప్పుడు బాగానే ఉంది.

నన్ను వదలని ప్రశ్న ఇది: అదే రాయి, అవే చేతులు, అదే నిమిషం, మరి అంత తేడా ఎలా వచ్చింది? నీటిలో వస్తువు తేలికవుతుందని చిన్నప్పుడు చదువుకున్నదే అయినా, ఎంత తేలికవుతుందో, ఆ తేలిక ఏ క్షణంలో పోతుందో లెక్కగా తెలిస్తే ఈసారి జాగ్రత్తగా తీయగలం. తెలిసినవారు దయచేసి వివరించండి.

పలకాబలపం:
మేనల్లుడి గాయం మానినందుకు సంతోషం. నేను ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని. మీ బండ కొలతలు పాఠం కోసం చెక్కించినట్లున్నాయి, ఎందుకంటే రెండడుగులను అడుగుతోనూ అర అడుగుతోనూ గుణిస్తే సరిగ్గా ఒక ఘనపు అడుగు వస్తుంది. ఒక ఘనపు అడుగు అంటే 28.3 లీటర్లు. గ్రానైటు నీటికన్నా సుమారు 2.65 రెట్లు సాంద్రమైనది కాబట్టి మీ బండ బరువు దాదాపు 75 కిలోలు. అది పూర్తిగా మునిగినప్పుడు 28.3 లీటర్ల నీటిని పక్కకు నెడుతుంది, ఆ నీటి బరువు ఎంతో అంత బలంతో చుట్టూ ఉన్న నీరు బండను పైకి నెడుతుంది. ఆర్కిమెడిస్ సూత్రం చెప్పేది ఇదే, ఆ పైకి నెట్టే బలాన్నే మనం ఉత్ప్లవన బలం అంటున్నాం. అంటే నీటిలో మీ ఇద్దరి చేతులకు తెలిసిన బరువు 75లోంచి 28 తీసేయగా మిగిలిన 47 కిలోలే, ఒక్కొక్కరికి 23 కిలోల పైచిలుకు. బయట అదే రాయి ఒక్కొక్కరికి 37 కిలోల పైన పడుతుంది. (బలాన్ని న్యూటన్లలో చెప్పాలని నాకు తెలుసు, ఇక్కడ అందరికీ చేతికి తెలిసే కొలత కిలో కాబట్టి అలాగే రాస్తున్నాను.)

మీరు రాసిన మాటల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది 'మరుక్షణమే' అన్న మాట. మీరు బండను పడుకోబెట్టి, అంటే అడ్డంగా పట్టుకుని లేపి ఉంటారు. అలా లేపితే పైముఖం నీటి మట్టాన్ని దాటినప్పటి నుంచి కిందిముఖం దాటేదాకా బండ కదలవలసిన దూరం అర అడుగే. జానెడు కూడా లేని ఆ దూరంలో, ఒకటి రెండు సెకన్లలో, 28 కిలోల బరువు మీ చేతుల మీదికి వచ్చి చేరింది. అప్పటిదాకా నీరు మీకు మూడో మనిషిలా సాయం పట్టి, గట్టు దగ్గర చెయ్యి వదిలేసింది. మీ కండరాలు 47 కిలోలకు సిద్ధపడి ఉన్నాయి, 75కి కాదు.

చేదబావిలో నీళ్లు తోడినవాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతే. బొక్కెన నిండా మునిగి ఉన్నంతసేపు చేంతాడు వదులుగానే ఉంటుంది, ఎందుకంటే బొక్కెనలోని నీటికి చుట్టూ ఉన్న నీటిలో బరువు తెలియదు, మనం మోసేది ఖాళీ బొక్కెన లోహపు బరువునే, అందులోనూ కొంత తగ్గించి. బొక్కెన నీటిని వీడి పైకి లేచినప్పుడే గిలక కిర్రుమంటుంది.

ముక్కుసూటి:
మాస్టారి లెక్కను కాదనను గానీ ఒక మాట స్పష్టం కావాలి. భూమి రాయిని లాగే బలం నీటిలో ఉన్నా గట్టున ఉన్నా మారదు. ద్రవ్యరాశి కూడా మారదు. అలాంటప్పుడు 'బరువు తగ్గింది' అనడం తప్పు కదా? తేలిక అనేది మన చేతులకు కలిగే భ్రమ మాత్రమే అనాలి. పిల్లలు ఇలాంటి చర్చలు చదివి, నీరు భూమ్యాకర్షణను తగ్గిస్తుందని అనుకునే ప్రమాదం ఉంది.

వంటింటి కొలత:
ముక్కుసూటి గారి ఆందోళన సరైనదే అయినా 'భ్రమ' అన్న మాట నాకు నచ్చలేదు, అందుకని ఈ ఉదయం వంటింట్లో తూచి చూశాను. నా దగ్గర పిండి కొలుచుకునే ఐదు కిలోల ఎలక్ట్రానిక్ కాటా ఉంది. దాని మీద స్టీలు గిన్నెలో ముప్పాతిక వంతు నీళ్లు పోసి పెట్టి, మీట నొక్కి అంకెను సున్నా చేశాను. మసాలా నూరుకునే చిన్న గ్రానైటు పొత్రం ఉంది, విడిగా తూస్తే 530 గ్రాములు. దానికి నడుమున దారం కట్టి, చేత్తో పట్టుకుని, అడుగుకు గానీ అంచులకు గానీ తగలకుండా నీళ్లలోకి మెల్లగా దించాను.

పొత్రం నీటిని తాకగానే కాటా మీద అంకె కదలడం మొదలైంది. సగం మునిగేసరికి 100 దరిదాపుల్లో ఉంది, పూర్తిగా మునిగేసరికి 200 దగ్గర నిలబడింది. పొత్రం ఇంకా దారానికే వేలాడుతోంది, గిన్నె అడుగును తాకలేదు. అయినా కాటాకు 200 గ్రాముల బరువు తెలుస్తోంది. ఆ తర్వాత దారాన్ని వదులు చేసి పొత్రాన్ని అడుగున కూర్చోబెడితే అంకె ఒక్కసారిగా 530కి ఎగిరింది.

అంటే వేలాడుతున్నప్పుడు 530లో 200 గ్రాములను నీరు మోస్తోంది, ఆ మోసిన భారాన్ని గిన్నెకూ, గిన్నె ద్వారా కాటాకూ అప్పజెబుతోంది. మిగిలిన 330 నా వేళ్లు మోస్తున్నాయి. బరువు ఎక్కడికీ పోలేదు, మోసేవాళ్లు ఇద్దరయ్యారు. ఇది నా చేతికి కలిగిన భ్రమ అయితే కాటాకు కూడా కలిగిందని అనుకోవాలి. అన్నట్టు, 530ని 200తో భాగిస్తే 2.65 వచ్చింది, మాస్టారు చెప్పిన గ్రానైటు సాంద్రత వంటింట్లోనే దొరికింది.

ఇంకో రెండు తూకాలు కూడా వేశాను. అర కిలో ఇనుప తూకంరాయిని అలాగే వేలాడదీస్తే కాటా సుమారు 70 దగ్గర ఆగింది. నిమ్మకాయను నీళ్ల మీద వదిలితే, తేలుతున్న నిమ్మకాయ పూర్తి బరువు ఎంతో అంతా కాటా మీద కనిపించింది. తేలడమంటే మొత్తం బరువును నీరే మోయడమని అప్పుడు నాకు కంటికి కట్టినట్లు అర్థమైంది.

ముక్కుసూటి:
ఒప్పుకుంటున్నాను. 'భ్రమ' అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. భూమి లాగుడు మారలేదు, చేతి మీద పడే వాటా మారింది అంటే ఇద్దరి మాటా నిలుస్తుంది.

అయితే అక్కడి నుంచే ఇంకో సందేహం పుట్టింది. లోతుకు వెళ్లేకొద్దీ నీటి పీడనం పెరుగుతుంది. నీరు రాయిని నెట్టేది పీడనం వల్లనే అయితే, మూడు మీటర్ల లోతులో ఉన్న బండ ఛాతీలోతులో కన్నా ఇంకా తేలిక కావాలి కదా? లేదా, పైనున్న నీళ్లన్నీ దాన్ని అదిమిపెడతాయి కాబట్టి ఇంకా బరువు కావాలా? రెండు వాదనలూ నాకు సబబుగానే కనిపిస్తున్నాయి.

పలకాబలపం:
రెండు వాదనలూ సగం సగం సరైనవి కాబట్టే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అంకెలతో చూద్దాం. బండ పడుకుని ఉంటే దాని పైముఖం వైశాల్యం రెండు చదరపు అడుగులు, అంటే 0.186 చదరపు మీటర్లు. పైముఖం మూడు మీటర్ల లోతులో ఉందనుకుంటే దాని మీద నిలిచిన నీటి స్తంభం బరువు సుమారు 557 కిలోలు. కిందిముఖం అర అడుగు, అంటే 15 సెంటీమీటర్లు, ఇంకా లోతులో ఉంది. అక్కడి నీరు దాన్ని పైకి నెట్టే బలం సుమారు 586 కిలోల బరువుతో సమానం. తేడా 28 చిల్లర. ఇప్పుడు అదే బండను పది మీటర్ల లోతుకు తీసుకువెళ్లండి. పైనుంచి అదిమేది 1858, కింది నుంచి నెట్టేది 1886. రెండు అంకెలూ మూడింతలకు పైగా పెరిగాయి, తేడా మాత్రం అదే 28. గాలి పీడనం పైన, కింద రెండు చోట్లా సమానంగానే కలుస్తుంది కాబట్టి అది కూడా తీసివేతలో పోతుంది. పక్కల నుంచి నెట్టేవి ఎదురెదురుగా సరిపోతాయి.

అందువల్ల ఉత్ప్లవనానికి కారణం పీడనం ఉండడం కాదు, బండ పైకీ కిందికీ మధ్య పీడనంలో తేడా ఉండడం. ఆ తేడా బండ మందాన్ని బట్టి ఉంటుంది తప్ప అది ఎంత లోతులో ఉందన్నదాన్ని బట్టి కాదు. రాయీ నీరూ పీడనానికి కుదించుకుపోవడం లెక్కలోకి రానంత తక్కువ. వంటింటి కొలత గారు పొత్రాన్ని నీళ్లలోనే కొంచెం పైకీ కిందికీ ఆడించి చూస్తే అంకె 200 దగ్గరే ఉంటుంది.

వంటింటి కొలత:
ఆడించి చూశాను మాస్టారూ. చెయ్యి కదిలినప్పుడు అంకె కొంచెం ఊగుతుంది గానీ, ఆపగానే మళ్లీ 200 దగ్గరికే వస్తోంది.

మోటారుమెకానిక్:
నేను ఓపెన్‌వెల్ (బావి నీళ్లలో మునిగి పనిచేసే) మోటార్లు దించడం, తీయడం మీదే బతికినవాణ్ని, లెక్కలు పెద్దగా రావు. కానీ పైన వంటింటి కొలత గారు రాసిన ఇనుప తూకం సంగతి చదివి నా అనుభవం చెప్పాలనిపించింది. నీటిలో రాయి తేలికైనంతగా ఇనుము తేలిక కాదు. 60 కిలోల మోటారు నీటిలో ఎనిమిది కిలోలు తగ్గితే గొప్ప. లోపల నీళ్లు నిండి ఉండే మోటారుకు అసలు పక్కకు నెట్టేది లోహం తాలూకు చోటు మాత్రమే కదా. అందుకే మా కుర్రాళ్లకు 'మోటారు నీళ్లలో ఉంది కదా, తేలిగ్గా వస్తుంది' అన్న ఆలోచనే పెట్టుకోవద్దని చెబుతాను.

పైపు సంగతి ఇంకా ముఖ్యం. ఎన్నార్వీ (నీళ్లు వెనక్కి జారకుండా ఆపే వాల్వు) గట్టిగా మూసుకుని ఉంటే పైపు నిండా నీళ్లు నిలిచిపోతాయి. లోపలి వ్యాసం రెండంగుళాలున్న పైపు ముప్పై అడుగుల్లో పద్దెనిమిది లీటర్ల నీళ్లు పడతాయి. పైపు నీటిలో మునిగి ఉన్నంత మేర ఆ నీళ్ల బరువు తెలియదు, పైగా నల్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు నీటికన్నా కాస్త తేలిక కాబట్టి దానంతట అదే తేలుతుంది. బయటికి వచ్చే ప్రతి అడుగుకూ లోపలి నీళ్ల బరువు తాడు మీద చేరుతూ ఉంటుంది. కొత్తవాళ్లు తాడు జారవిడిచేది ఎప్పుడూ ఇక్కడే. పైపులోని నీళ్లు వదిలేసే దారి ముందే చూసుకోవాలి.

బావిగట్టు గారికి ఒక హెచ్చరిక. మీ బండ ఇప్పుడు బావి మధ్యలో, పూడిక మీద ఉంది. బురద పట్టును 47 కిలోల లెక్కలో కలుపుకోలేదు మీరు. ఒకసారి బురదలో కూరుకున్న మోటారును నలుగురం లాగినా కదల్లేదు. గడ్డపారతో ఒక మూల కొంచెం పైకి ఎత్తి, కాసేపు ఆగితే, తర్వాత ఇద్దరి చేతుల్లోనే వచ్చేసింది. ఎందుకలా జరుగుతుందో మాస్టారు చెప్పాలి.

పలకాబలపం:
మీకు లెక్కలు రావనడం నేను ఒప్పుకోను. మీరు చెప్పినదంతా లెక్కే. బురద పట్టుకు కారణం నేను పైన రాసిన రెండు అంకెల్లోనే ఉంది. 557 కిలోలు పైనుంచి అదుముతుంటే 586 కిలోలు కింది నుంచి నెడితేనే బండ తేలికవుతుంది. ఆ కింది నెట్టుడు రావాలంటే బండ కింద నీరు ఉండాలి. మెత్తటి బంకమట్టి అతుక్కుని నీరు చొరబడే సందు లేకపోతే, బండను లేపబోయినప్పుడు కింద ఖాళీ ఏర్పడి పీడనం పడిపోతుంది, పైనున్న నీరూ గాలీ మాత్రం యథాప్రకారం అదుముతూనే ఉంటాయి. నున్నటి బండ మీద తడి రబ్బరు మూత అతుక్కుపోవడం లాంటిదే ఇది. ఒక అంచును లేపితే నీరు కిందికి పాకుతుంది, పాకడానికి కొంత సమయం పడుతుంది, అందుకే మీరు 'కాసేపు ఆగితే' అన్నారు. కుదుపులతో లాగితే తాడు తెగుతుంది గానీ బండ రాదు.

సాగరతీరం:
విశాఖలో ఉంటాను, సెలవు రోజుల్లో స్కూబా డైవింగ్ చేస్తాను. ఈ చర్చలో ఇంకా రాని ఒక విషయం చెప్పాలి. నీటిలో వస్తువు చేతికి తేలికగా తెలిసినా, దాన్ని కదిలించడం, కదిలాక ఆపడం తేలిక కావు. 20 కిలోల ఇనుప లంగరు నీటిలో పదిహేడున్నర కిలోలుగా తెలుస్తుంది. కానీ దానికి గాలిసంచి కట్టి బరువు తెలియకుండా చేసినా, పక్కకు తోస్తే 20 కిలోల ద్రవ్యరాశి అలాగే మొరాయిస్తుంది, పైగా తనతో పాటు చుట్టూ ఉన్న కొంత నీటిని కూడా కదిలించవలసి వస్తుంది. కదలడం మొదలయ్యాక మన మీదికి వస్తే ఆపడమూ అంతే కష్టం. ముక్కుసూటి గారు ద్రవ్యరాశి మారదన్నది ఇక్కడ అక్షరాలా నిజం. తేలుతున్న పడవకూ ఒడ్డుకూ మధ్య కాలు పెట్టవద్దని పెద్దలు అనేది ఇందుకే.

రాయి లోతుతో మారదు గానీ మనిషి మారతాడు. ఊపిరి బిగబట్టి పది మీటర్ల లోతుకు దిగితే పీడనం రెట్టింపై ఊపిరితిత్తుల్లోని గాలి సగం చోటులోకి కుదించుకుపోతుంది. పైన తేలిన మనిషే అక్కడ మునగడం మొదలుపెడతాడు. మేము నడుముకు కట్టుకునే ఆరు కిలోల సీసం నీటిలో దాదాపు అయిదున్నర కిలోలు లాగుతుంది. సీసం చాలా సాంద్రమైనది కాబట్టి నీరు దానికి చేసే సాయం అతి తక్కువ, అందుకే మునగడానికి దాన్ని ఎంచుకుంటారు. నా అల్యూమినియం సిలిండర్‌లో నిండుగా ఉన్నప్పుడు సుమారు 2.7 కిలోల గాలి ఉంటుంది. గంట గడిచి ఆ గాలి ఖర్చయ్యేసరికి అంతమేరా నేను తేలికై పైకి తేలిపోతుంటాను, కాబట్టి ఆ లెక్కను మొదటే సీసంలో కలుపుకుంటాను. సముద్రపు నీరు మంచినీటికన్నా రెండున్నర శాతం సాంద్రమైనది. బావిగట్టు గారి బండ మా తీరంలో పడి ఉంటే ఇంకో ముప్పాతిక కిలో తగ్గేది, అంతే.

బావిగట్టు:
అందరికీ ఎంతో కృతజ్ఞుణ్ని. మా ఊళ్లో ఒకరు ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ములు కట్టి బండను తేల్చమని సలహా ఇచ్చారు. 200 లీటర్ల డ్రమ్ము ఒక్కటి చాలునా? బోర్లించిన డ్రమ్ములోకి కంప్రెసర్‌తో గాలి కొడితే కూడా సరిపోతుందంటున్నారు.

సాగరతీరం:
బలం చాలుతుంది, అదే ప్రమాదం కూడా. మూత బిగించిన 200 లీటర్ల డ్రమ్మును పూర్తిగా ముంచితే, దాని సొంత బరువు పోగా 190 కిలోల దాకా పైకి లాగుతుంది. మీకు కావలసింది 47. మిగిలిన బలమంతా బండ బురద వదిలిన క్షణంలో డ్రమ్మును బాణంలా పైకి కొడుతుంది. అసలు ఖాళీ డ్రమ్మును మూడు మీటర్ల లోతుకు దించడమే మీవల్ల కాదు. బోర్లించి గాలి కొట్టే పద్ధతిలో ఇంకో చిక్కు ఉంది: పైకి లేచేకొద్దీ పీడనం తగ్గి లోపలి గాలి ఉబ్బుతుంది, ఉబ్బినకొద్దీ ఎక్కువ నీటిని నెడుతుంది, ఎక్కువ నెట్టినకొద్దీ ఇంకా వేగంగా లేస్తుంది. పది మీటర్ల లోతు నుంచి పైకి వచ్చేసరికి గాలి రెట్టింపవుతుంది. మీ మూడు మీటర్లకు మూడో వంతు దాకా పెరుగుతుంది. ఇరుకు బావిలో, కింద మనుషులు ఉండగా, ఈ పని చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. గట్టు మీద నుంచి గొలుసుతో లాగండి.

చెరువుకట్ట:
హైదరాబాదు నుంచి రాస్తున్నాను. ఈ చర్చ చదువుతుంటే హుస్సేన్‌సాగర్ బుద్ధుడు కళ్ల ముందు నిలిచాడు. భువనగిరి దగ్గర రాయగిరి కొండలో తొలిచిన ఆ ఏకశిలా విగ్రహం పద్దెనిమిది మీటర్ల ఎత్తు ఉంటుంది. దాన్ని సాగర్ మధ్యలోని వేదిక మీదికి చేర్చడానికి 1990 మార్చి 10న బల్లకట్టుపై తీసుకువెళ్తుండగా బల్లకట్టు ఒరిగి, విగ్రహం నీటిలో పడిపోయింది, వెంట ఉన్నవారిలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్లకు పైగా విగ్రహం అడుగునే ఉండి, 1992 డిసెంబరు 1న వేదిక మీద నిలబడింది.

మాస్టారి పద్ధతిలోనే లెక్క వేశాను. విగ్రహం బరువును 350 టన్నులుగా తీసుకుంటే దాని ఘనపరిమాణం సుమారు 132 ఘనమీటర్లు. అంటే నీటిలో ఉన్నంతసేపు 132 టన్నులను హుస్సేన్‌సాగరే మోసింది, తీసేవాళ్లకు తెలిసే భారం 218 టన్నులు. పదివేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు పదమూడు కలిస్తే ఎంత బరువో, విగ్రహం నీటి మట్టం దాటేలోపు అంత బరువు అదనంగా మీద పడుతుంది. బావిగట్టు గారి చేతులు లాగేసిన ఆ ఒక్క క్షణాన్ని ఈ కొలతలో ఊహించుకుంటే, అడుగున బురదలోంచి విడిపించడం ఒక ఘట్టం, నీటిని దాటించడం దానికి మించిన ఘట్టం అని అర్థమవుతుంది. ఆ పని చేసినవారి మీద నాకు అపారమైన గౌరవం ఉంది.

బల్లకట్టు ఎందుకు ఒరిగింది అన్నది వేరే విషయం. తేలే బలం చాలినంత ఉన్నా, బరువు కేంద్రం ఎత్తులో ఉంటే పడవ నిలకడ పోతుంది. దానికి విడిగా చర్చ పెట్టడం మంచిది.

కాకతీయతోరణం:
రాయీ నీరూ అనగానే రామప్ప గుడి ఇటుకలు గుర్తొచ్చాయి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి శిఖరంలో వాడిన ఇటుకలు నీటిలో తేలుతాయి. వాటికి ఈ సూత్రం వర్తించదా?

పలకాబలపం:
నూటికి నూరుపాళ్లు వర్తిస్తుంది. ఇటుక లోపల సన్నని గాలి గదులు ఎక్కువగా ఉండడం వల్ల, మొత్తం మీద చూస్తే అది తన చోటును నింపే నీటికన్నా తేలిక. అందుకే ముంచితే నీరు నెట్టే బలం దాని బరువును మించిపోతుంది, దాన్ని ముంచి ఉంచడానికి మనమే పైనుంచి అదమాలి. బరువు తక్కువ కావడం శిఖరానికి మేలు, తేలడం ఆ తక్కువ బరువుకు కనిపించే గుర్తు.

బావిగట్టు గారూ, డ్రమ్ముల ఆలోచన మానుకున్నట్లయితే నాది ఒక సూచన. ఈసారి బండను అడ్డంగా కాకుండా నిలువుగా వేలాడదీసి లాగండి. అప్పుడు ఆ 28 కిలోలు అర అడుగు దూరంలో కాక రెండడుగుల దూరంలో నెమ్మదిగా చేరతాయి. మొత్తం బరువు అంతే, కానీ చేరే వేగం నాలుగో వంతు అవుతుంది. తాడునూ కొక్కేన్నీ మాత్రం 47కి కాక, పూర్తి బరువుకు రెట్టింపు తట్టుకునేలా ఎంచుకోండి.

బావిగట్టు:
నిన్న ఉదయం పని పూర్తయింది, వివరంగా రాస్తున్నాను.

బావి పక్కనే మూడు దుంగలు కట్టి నిలబెట్టి చైన్ బ్లాకు వేలాడదీశాం. పత్తి బస్తాలు తూచే 200 కిలోల వేలాడే డిజిటల్ కాటా ఒకటి పక్కింటివాళ్లది తెచ్చి, గొలుసుకూ కొక్కేనికీ మధ్య తగిలించాం. ఈత బాగా వచ్చిన ఇద్దరు దిగి బండ ఒక కొసన రెండు బెల్టులు బిగించి పైకి వచ్చేశారు. లాగుతున్నంతసేపూ కింద ఎవరినీ ఉండనివ్వలేదు. బెల్టుల, కొక్కెం బరువు ముందే సున్నా చేశాం.

మొదట గొలుసు బిగిస్తుంటే అంకె 47 దాటింది, 80 దాటింది, 110కి చేరినా బండ కదల్లేదు. మోటారుమెకానిక్ గారి మాట గుర్తుపెట్టుకుని అక్కడే ఆపి గొలుసు వదులు చేశాం. ఒకరు మళ్లీ దిగి పొడవాటి గడ్డపారతో రెండో కొస కింద సందు చేసి పైకి వచ్చారు. అయిదు నిమిషాలు ఆగి మళ్లీ లాగితే, అంకె 90 దాకా పోయి, నీళ్లలోంచి బురద మేఘంలా లేచి, ఒక్కసారిగా 48కి పడిపోయింది. బండ నిలువుగా తిరిగి వేలాడసాగింది.

అక్కడి నుంచి నీటి మట్టం దాకా రెండున్నర మీటర్ల మేర అంకె 47కీ 48కీ మధ్యనే ఉంది. ముక్కుసూటి గారి సందేహం నా మనసులో ఉండడం వల్ల ప్రతి అడుగుకూ ఆపి చూశాను. లోతు తగ్గినందుకు అంకె ఎక్కడా మారలేదు. బండ పై కొస నీటి బయటికి వచ్చాక మాత్రం ఒక్కో అంగుళానికి కిలో పైచిలుకు చొప్పున పెరుగుతూ వచ్చింది. సగం బయటపడినప్పుడు 62, మొత్తం బయటపడినప్పుడు 77. గట్టుకు చేర్చి, అంటుకున్న బురద కడిగి, మళ్లీ తూస్తే 75న్నర.

మేనల్లుడు గొలుసు లాగే దగ్గర నిలబడి అంకెలు పైకి చదివాడు, నేను పలక మీద రాసుకున్నాను. మెట్టును సున్నం, ఇసుకతో పాత చోటనే కూర్చోబెట్టాం. ఎల్లుండి దాకా దాని మీద కాలు పెట్టవద్దని మేస్త్రీ చెప్పి వెళ్లాడు.